సంఖ్యకును గుణము గలదు

తూర్పు కనుమల యడవుల నడుమ సీలేరు నది ప్రవహించుచున్నది. ఎగువ భాగమున మాచ్‌ఖండ్ అను పేరుతో పారిన యీ నది దిగువకు వచ్చి శబరిలో కలియును. శబరి పోయి గోదావరిలో కలియును. సీలేటి జలములను ఆనకట్టలతో నిలిపి విద్యుచ్ఛక్తిని పుట్టించు తావులలో డొంకరాయి యొకటి. డొంకరాయి విద్యుత్కేంద్రమున యంత్ర మొక్కటియే. దాని శక్తి 25 మెగావాట్లు. ఎగువ సీలేరు కేంద్రమున ఒక్కొక్కటి 60 మెగావాట్ల శక్తి గల యంత్రములు నాలుగు గలవు. దిగువ సీలేరు కేంద్రమున మొదట నెలకొల్పిన యంత్రములును నాలుగే. వానిలో ఒక్కొక్కదాని శక్తి 115 మెగావాట్లు.

25, 60, 115 - ఈ మూడు సంఖ్యలను ఇంజనీర్లు నీటి పరిమాణమును బట్టియు, నీరు పడు నెత్తును బట్టియు నిర్ణయించిరే గాని సంఖ్యల యందము చూచి కాదు. యంత్రముతో మనకిక పని లేదు. ఆ యంత్రముల నుండి సంఖ్యలను మాత్రము విడదీసి తీసికొందము. మనుష్యులకు గుణభేదము లున్నట్లే సంఖ్యలకును గుణభేదములు గలవా? ఉన్నచో వానిని కనుగొను మార్గమేది? ఈ పాఠమున 25 అను నొక్క సంఖ్యను ముందుంచుకొని యీ ప్రశ్నలకు సమాధానము వెదకుదము.

మొదట ఒక సందేహమును తీర్చుకొనవలెను. డొంకరాయి యంత్రము శక్తి 25 మెగావాట్లన్నను 25,000 కిలోవాట్లన్నను ఒక్కటియే. కొలమానము మారగానే సంఖ్య మారినది, యంత్రము మారలేదు. కావున 25 యొక్క గుణములు యంత్రమునకు గాని, నదికి గాని చెందినవి కావు. అవి సంఖ్యకే చెందినవి. 25 మెగావాట్లయినను, 25 చింతగింజలయినను, 25 మేకలయినను ఆ గుణములు మారవు. సంఖ్యాశాస్త్రమునకు పునాది యీ చిన్న విషయమే.

ఇప్పుడు 25 చింతగింజలను తీసికొని నేలపై పేర్చి చూడుడు. వానిని సమానమైన వరుసలుగా ఎన్ని విధముల పేర్పవచ్చును? ఒకే వరుసలో ఇరువదియైదు గింజలు పేర్పవచ్చును. లేదా వరుసకు ఐదు చొప్పున ఐదు వరుసలు పేర్పవచ్చును. వరుసకు ఒక గింజ చొప్పున ఇరువదియైదు వరుసలు పేర్చుట మొదటి విధమే, అడ్డము నిలువైనది. వేరు మార్గము లేదు. వరుసకు రెండు పెట్టినచో ఒకటి మిగులును. మూడు పెట్టినను ఒకటి మిగులును. నాలుగు పెట్టినను ఒకటే మిగులును. కావున 25 ను శేషము లేకుండ భాగించు సంఖ్యలు 1, 5, 25 మాత్రమే. వీనిని 25 యొక్క భాజకములందురు. ఒకటియు, తానును గాక వేరొక భాజకము కలది గనుక 25 సంయుక్త సంఖ్య. ఐదు వరుసల ఐదు చతురస్రముగా నిలిచినది గనుక అది వర్గ సంఖ్య.

ఆ చతురస్రమునే మరియొక విధముగా చూడుడు. మూలనున్న యొక గింజతో ప్రారంభింపుడు. దానికి రెండు ప్రక్కల గోడ కట్టినట్లు మూడు గింజలు చేర్చినచో 2 వరుసల చతురస్రమగును. మరల ఐదు చేర్చినచో 3 వరుసల చతురస్రము. ఏడు చేర్చినచో 4 వరుసలది. తొమ్మిది చేర్చినచో 5 వరుసలది. అనగా 1 + 3 + 5 + 7 + 9 = 25. బేసి సంఖ్యలను మొదటి నుండి వరుసగా కూడుచు పోయినచో ఎచ్చట ఆగినను వర్గ సంఖ్యయే లభించును.

ఇందు కడపటి గోడను గమనింపుడు. 16 గింజల చతురస్రమునకు 9 గింజల గోడ చేరగా 25 అయినది. ఆ 9 తానును ఒక వర్గమే. కావున 9 + 16 = 25, అనగా 3 యొక్క వర్గమును 4 యొక్క వర్గమును కలిసి 5 యొక్క వర్గమైనవి. రెండు వర్గముల మొత్తమైన వర్గ సంఖ్యలలో 25 మొట్టమొదటిది. లంబకోణ త్రిభుజ రహస్యము ఇందే యున్నది. యజ్ఞవేదికలను కొలతకు సరిగా కట్టవలసి వచ్చినపుడు మన పూర్వులు ఈ విషయమును గుర్తించిరి. బౌధాయన శుల్బసూత్రమున అట్టి భుజముల జంటలు కొన్ని చెప్పబడినవి. వానిలో 3, 4 అను జంట యొకటి; 7, 24 అను జంట మరియొకటి. 7 యొక్క వర్గము 49. 24 యొక్క వర్గము 576. రెండును కలిసి 625. అది 25 యొక్క వర్గము! మొదటి జంటలో 25 వర్గముగా కనబడినది. రెండవ జంటలో తానే కర్ణమైనది.

ఇక 25 ను దానితోనే గుణింపుడు. లబ్ధము 625. చివర రెండు స్థానములలో మరల 25 నిలిచినది. 625 ను మరల 25 తో గుణించినచో 15,625 వచ్చును. చివర నున్నది 25 యే. ఎన్ని మారులు గుణించినను ఇట్లే యగును. ఏలననగా, 25 తో ముగియు సంఖ్య యేదైనను కొన్ని నూరులును 25 ను కలిసినదే. దానిని 25 తో గుణించినపుడు నూరుల భాగము నూరులుగనే యుండును. 25 ను 25 తో గుణింపగా వచ్చు 625 లో ఆరు నూరులు పోగా 25 మిగులును. రెండు స్థానముల సంఖ్యలలో ఈ గుణము గలవి రెండే: 25, 76. రెండవ దానిని మీరే గుణించి చూచుకొనుడు.

అయితే ఈ గుణము 25 యొక్క స్వభావమా, లేక మనము పదులలో లెక్క వ్రాయుట వలన కలిగినదా? దీనిని పరీక్షించుటకు డజన్లతో లెక్కించి చూతము. అప్పుడు 25 అనగా రెండు డజన్లు, ఒకటి. 625 అనగా ఏబదిరెండు డజన్లు, ఒకటి. అందు ఏబదిరెండు డజన్లను మరల పన్నెండేసిగా కట్టగా నాలుగు పెద్ద కట్టలు, నాలుగు డజన్లు, ఒకటి. చివర 'రెండు, ఒకటి' నిలువలేదు. 'నాలుగు, ఒకటి' నిలిచినది. ఆ గుణము మాయమైనది! కాని డజన్లతో లెక్కించినను, వేరు విధముగా లెక్కించినను ఐదు వరుసల చతురస్రము మాత్రము చెదరదు. కావున చతురస్రమగుట 25 యొక్క స్వభావము; తన్ను తాను చివర నిలుపుకొనుట మన లెక్క వ్రాత వలన దానికి తగిలిన గుణము.

పదులలో గాక వేరు విధముగ లెక్కించువారు లోకమున కలరా యని మీరడుగవచ్చును. దూరము పోనక్కరలేదు. ఈ తూర్పు కనుమల ఉత్తర భాగమున నివసించు సవరల భాషలో లెక్క పన్నెండు మీదను ఇరువది మీదను ఆధారపడినది. పదుమూడును 'పన్నెండుపై ఒకటి' యనియు, ముప్పదిరెండును 'ఇరువదిపై పన్నెండు' అనియు చెప్పుట వారి పద్ధతి. ఈ భాషను శ్రద్ధతో నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో దాని నిఘంటువును ప్రకటించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు. పదులలో లెక్కించుట గొప్ప, తక్కినది తక్కువ యనుట తగదు. చేతివ్రేళ్లు పది గనుక మనకు పది యలవాటైనది, అంతియే.

పదుల లెక్కకు 25 తెచ్చిపెట్టిన చిక్కు నొకదానిని మన దేశచరిత్రలోనే చూడవచ్చును. పూర్వము రూపాయికి పదునారు అణాలు. పదునారులో సగము ఎనిమిది, దానిలో సగము నాలుగు, దానిలో సగము రెండు, దానిలో సగము ఒకటి. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అను నాణెములు ఇట్లు సగములుగా ఏర్పడినవే. 1957 ఏప్రిల్ 1 వ తేదీ నుండి రూపాయికి నూరు నయాపైసలను లెక్క అమలులోనికి వచ్చినది. నూరులో సగము 50. దానిలో సగము 25. నాలుగణాల పావలా ఇరువదియైదు పైసల పావలా యైనది. ఆపైన సగము చేయుట సాధ్యము కాదు. 25 బేసి సంఖ్య. బేడకు పన్నెండున్నర పైసలు రావలెను; అణాకు ఆరుంబావు పైసలు రావలెను. అరపైస నాణెము లేదు. కావున ఆనాడు అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 నయాపైసలని పట్టిక నిర్ణయింపబడినది.

ఈ పట్టిక సంతలో ఎట్లు పనిచేయునో యోచింపుడు. కొండ మీది నుండి యొక స్త్రీ చింతపండును నాలుగు పోగులుగా పెట్టి, పోగు అణాకు అమ్మినదనుకొనుడు. నలుగురు మనుష్యులు తలకొక పోగు కొన్నచో ఆమెకు ముట్టునది ఆరు చొప్పున 24 పైసలు. ఒక్కడే నాలుగు పోగులను కొని పావలా యిచ్చినచో ముట్టునది 25. సరుకు అదియే, ధర అదియే. ఒక పైస తేడా. పదునారు పోగులమ్మినచో నాలుగు పైసల తేడా. ఇందు ఎవ్వరును తూకములో మోసము చేయలేదు. అయినను విడివిడిగా అమ్మిన యామెకు నష్టము కలిగినది. లెక్క తెలిసిన వర్తకుడు ఈ తేడాను తనకు లాభముగా మార్చుకొనగలడు. లెక్క తెలియని వానికి తన పైస యెచ్చట పోయినదో కూడ తెలియదు.

కొండజాతుల వారు తెచ్చు అటవీ ఫలసాయము దళారుల పాలు గాకుండ న్యాయమైన ధరకు కొనుటకై, నేడు గిరిజన సహకార సంస్థ యని పిలువబడు సంస్థ 1956లో విశాఖపట్టణము కేంద్రముగా స్థాపింపబడినది. అట్టి సంస్థలు అవసరమే. కాని అమ్మువాడు తానుగా లెక్కను సరిచూచుకొన గలిగినపుడే ఆ రక్షణ సంపూర్ణమగును. 'ముందు మొత్తము కూడి, పిమ్మట మార్చవలెను. ముందు మార్చి, పిమ్మట కూడరాదు' అను చిన్న సూత్రము తెలిసియున్న బాలుడు తన తల్లి సంచిలోని పైసను కాపాడును. 2011 జూన్ నెలాఖరుతో పావలా నాణెమే చెలామణి నుండి తొలగినది. సూత్రము మాత్రము తొలగలేదు. పన్నులలోను, వడ్డీలలోను, తూకములలోను నేటికిని అది అట్లే వర్తించును.

ఇంతవరకు 25 ను ఒంటరిగా చూచితిమి. ఇక తక్కిన సంఖ్యల సరసన నిలిపి దాని కులము గుర్తింతము. సంఖ్యలను వర్గీకరించుటకు ప్రాచీన గ్రీకులు ఒక చక్కని పద్ధతిని కనుగొనిరి. ఒక సంఖ్య భాజకములలో ఆ సంఖ్యను విడిచి, తక్కినవానిని కూడవలెను. మొత్తము ఆ సంఖ్య కంటె తక్కువైనచో దానిని న్యూన సంఖ్య యనియు, ఎక్కువైనచో అధిక సంఖ్య యనియు, సరిగా సమానమైనచో పరిపూర్ణ సంఖ్య యనియు అందురు. క్రీస్తు శకము మొదటి శతాబ్ది ప్రాంతమున నికోమాకస్ అను పండితుడు ఈ మూడు తెగలను వివరించెను. 6 యొక్క భాజకములు 1, 2, 3. వాని మొత్తము 6. ఇది పరిపూర్ణము. 28 యును అట్టిదే: 1 + 2 + 4 + 7 + 14 = 28. తరువాతివి 496, 8128.

మన పూర్వపు కొలతలను ఈ దృష్టితో చూచినచో వింతగానుండును. రూపాయికి అణాలు 16. దాని భాజకములు 1, 2, 4, 8, మొత్తము 15. ఒకటి తక్కువగుటచే 16 న్యూన సంఖ్య. పుట్టికి తూములు 20. దాని భాజకములు 1, 2, 4, 5, 10, మొత్తము 22. కావున 20 అధిక సంఖ్య. ధాన్యపు రాశిని పాలివారు పలు విధముల పంచుకొనవలసి యుండును గనుక పెక్కు భాజకములు గల 20 మన రైతులకు అనుకూలించినది. ఐదు తూములను ఏదుమనియు, పది తూములను పందుమనియు పిలుచుట ఇందులకే. వీశెకు తులములు 120. దాని భాజకములను కూడి చూడుడు, 240 వచ్చును. అనగా సరిగా రెండింతలు! ఇట్టి సంఖ్య మిక్కిలి యరుదు. 120 కంటె చిన్నవానిలో మరియొకటి లేదు. వీశెను ఏర్పరచినవారు ఈ విషయము నెరిగి చేసిరని తలంపరాదు. సగము, మూడవ వంతు, నాలుగవ వంతు, ఐదవ వంతు, ఆరవ వంతు సులభముగ తీయవలెనని కోరిరి. ఆ కోరికకు 120 లొంగినది.

సీలేటి మూడు సంఖ్యల గతి యేమి? 115 యొక్క భాజకములు 1, 5, 23, మొత్తము 29. ఇది న్యూనము. 60 యొక్క భాజకములు 1, 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30, మొత్తము 108. ఇది అధికము. 25 యొక్క భాజకములు 1, 5, మొత్తము 6. ఇదియును న్యూనమే, అందును మిక్కిలి న్యూనము. పైకి చూచినచో 25 చాల బీద సంఖ్య.

కాని ఆ 6 ను మరల చూడుడు. అది పరిపూర్ణ సంఖ్య! 25 నుండి బయలుదేరి భాజకముల మొత్తమునకు పోయితిమి. 6 ను చేరితిమి. 6 నుండి మరల అట్లే పోయినచో 6 నే చేరుదుము. మార్గము అచ్చట నిలిచినది. తక్కిన సంఖ్యలు ఇట్లు కావు. 115 నుండి 29 కి, 29 నుండి 1 కి పోయి మార్గము ముగియును. 24 నుండి 36, 36 నుండి 55, 55 నుండి 17, 17 నుండి 1. ఇట్లు 2 మొదలు 24 వరకు గల సంఖ్యలన్నిటిని పరీక్షింపుడు. తానే పరిపూర్ణమైన 6 ను విడిచినచో తక్కినవన్నియు చివరకు 1 నే చేరును. తాను పరిపూర్ణము కాకయే పరిపూర్ణ సంఖ్యను చేరగలిగిన సంఖ్యలలో 25 మొట్టమొదటిది. ఇట్టి సంఖ్యలకు గణితవేత్తలు ఆకాంక్ష గల సంఖ్యలను నర్థము వచ్చు పేరు పెట్టిరి. తొలిచూపున బీదగా కనబడిన సంఖ్యకు ఈ గౌరవము దక్కినది.

వర్గీకరణము మన మడుగు ప్రశ్నను బట్టి యుండును. ప్రశ్న మార్చినచో తెగలును మారును. అట్లు ప్రశ్నను మార్చి చూచిన గణితవేత్తలలో తెలుగువాడొకడు కలడు. ఆయన మతుకుమల్లి వేంకట సుబ్బారావు. 1921లో నాటి గుంటూరు జిల్లాలోని యాజలి గ్రామమున జన్మించి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున బోధించి, 1963లో కెనడా దేశపు ఆల్బర్టా విశ్వవిద్యాలయమును చేరెను. 2006లో ఆ దేశముననే కీర్తిశేషుడయ్యెను.

ఆయన ఆశ్రయించిన విధానమిది. ఒక భాజకమును దాని జోడు భాజకముతో కలిపి చూడవలెను. 60 ని 4 తో భాగించినచో 15 వచ్చును. 4 కు 15 కు ఒకటి తప్ప సామాన్య భాజకము లేదు. ఇట్టి భాజకమును మనము 'విడి భాజకము' అందము. 60 ని 2 తో భాగించినచో 30 వచ్చును. 2 కు 30 కి 2 సామాన్యము. కావున 2 విడి భాజకము కాదు. ఈ రీతిని 60 యొక్క విడి భాజకములను, 60 ని మినహాయించి, ఏరినచో 1, 3, 4, 5, 12, 15, 20 మిగులును. వానిని కూడుడు; సరిగా 60! సామాన్య దృష్టికి అధికమైన ఎగువ సీలేటి 60, ఈ క్రొత్త దృష్టికి పరిపూర్ణమైనది.

సుబ్బారావు, వారెన్ అను సహచరునితో గూడి, 1966లో ఈ తెగను గూర్చి వ్యాసము ప్రకటించెను. వారు చూపిన సంఖ్యలు నాలుగు: 6, 60, 90, 87360. ఐదవ దానిని చార్లెస్ వాల్ అను నతడు 1975లో ప్రకటించెను. అది 1463619461864585625 60000 అను ఇరువదినాలుగు స్థానముల సంఖ్య. దానిని ప్రధాన సంఖ్యలుగా విడదీసినచో అందు 5 నాలుగు మారులు గుణకముగ వచ్చును. అనగా దాని విడి భాజకములలో 625 ఒకటి. మన 25 యొక్క వర్గము ఆ మహాసంఖ్యలో నివసించుచున్నది! ఆరవ దానిని ఇంతవరకు ఎవ్వరును కనుగొనలేదు. ఇట్టి సంఖ్యలు పరిమితముగనే యుండునని సుబ్బారావు ఊహ. అది నిజమో కాదో నేటికిని నిరూపింపబడలేదు.

ఈ తెగలో బేసి సంఖ్య యుండజాలదని మాత్రము వారు నిరూపించిరి. ఆ నిరూపణ మీకును అందునంత సులభము. 45 వంటి బేసి సంఖ్యను తీసికొనుడు. అది 9, 5 ల గుణకారము. దాని విడి భాజకములు 1, 9, 5, 45. వాని మొత్తము, (1 + 9), (1 + 5) అను రెండింటి గుణకారమైన 60. ఏ బేసి సంఖ్యకైనను ఇట్లే యగును: దాని భాగము లన్నియు బేసి గనుక వానికి ఒకటి కలిపినచో అన్నియు సరిసంఖ్యలగును. భాగములు రెండో, అంతకెక్కువో యున్నచో మొత్తము 4 చే భాగింపబడును. కాని సంఖ్య పరిపూర్ణమగుటకు, తన్ను గూడ చేర్చిన మొత్తము తనకు రెండింతలు కావలెను. బేసి సంఖ్యకు రెండింతలు 4 చే భాగింపబడదు. 25 వలె భాగము ఒక్కటియే యున్నచో మొత్తము 26 మాత్రమే, 50 కావలసియున్నది. కావున బేసి సంఖ్యకు ఇచ్చట చోటు లేదు. చిత్రమేమన, సామాన్య భాజకములతో చూచినపుడు పరిపూర్ణమైన బేసి సంఖ్య యున్నదా లేదా యను ప్రశ్న రెండువేల యేండ్లుగా తెగకయే యున్నది.

25 ను ఆశ్రయించిన వేరొక ప్రశ్నయు తెగలేదు. 1, 2, 3, 4 లను గుణించినచో 24. దానికి ఒకటి కలిపినచో 25, అది వర్గ సంఖ్య. 1 మొదలు 5 వరకు గుణించి ఒకటి కలిపినచో 121, అది 11 యొక్క వర్గము. 1 మొదలు 7 వరకు గుణించి ఒకటి కలిపినచో 5041, అది 71 యొక్క వర్గము. ఈ మూడే గాక ఇట్టివి మరి యేవైనను కలవా? ఈ ప్రశ్నను ఫ్రాన్సు దేశీయుడైన బ్రొకార్డ్ 1876లో అడిగెను. మన శ్రీనివాస రామానుజన్ 1913లో భారత గణిత సంఘ పత్రికలో స్వతంత్రముగా అడిగెను. గణన యంత్రములు శతకోట్ల దూరము వెదకినను నాలుగవది దొరకలేదు. దొరకలేదనుట వేరు, లేదనుట వేరు. లేదనుటకు నిరూపణ కావలెను. అట్టి నిరూపణకు ఒక యుదాహరణము గలదు: 25 కు 2 కలిపినచో 27 వచ్చును, 25 వర్గము, 27 ఘనము. వర్గమునకు 2 కలుపగా ఘనమగుట ఇచ్చట తప్ప మరెచ్చటను జరుగదని 17వ శతాబ్దిలో ఫెర్మా చెప్పెను. తరువాతివారు దానిని నిరూపించిరి. ఆ వాదము ముగిసినది.

కడపట ఒక హెచ్చరిక. సాంఖ్య దర్శనమున తత్త్వము లిరువదియైదు. వేతాళుని కథలు ఇరువదియైదు. నూటికి లోబడిన ప్రధాన సంఖ్యలును ఇరువదియైదే. వీనినన్నిటిని ఒక్కచో చేర్చి, 25 లో ఏదో మహిమ యున్నదని చెప్పువారు ఉందురు. ఫలాని సంఖ్య శుభమనియు, ఫలానిది అశుభమనియు చెప్పి అమాయకుల నుండి ధనము గైకొనువారును ఉందురు. వారిని ఒక్క ప్రశ్న యడుగుడు: 'ఈ గుణమును నాకు నిరూపించి చూపగలరా?' చతురస్రమును గింజలతో చూపవచ్చును. భాజకములను భాగించి చూపవచ్చును. శుభాశుభములను చూపుటకు మార్గము లేదు. కథలు ఇరువదియైదగుట కథకుని యిష్టము. ఇరువదియైదు చతురస్రమగుట ఎవ్వరి యిష్టముపైనను ఆధారపడినది కాదు.

వేల యేండ్లకు పూర్వము వేదికలు కట్టినవారికి, యాజలి నుండి కెనడాకు పోయిన పండితునికి, డొంకరాయి గట్టున గింజలతో ఆడుకొను పిల్లవానికి 25 ఒక్కటియే. దానిని పరీక్షించుటకు ధనము అక్కరలేదు. గొప్ప యుపకరణములు అక్కరలేదు. గుప్పెడు చింతగింజలును, ఓపికయు చాలును. కావున సంఖ్యను చూచి భయపడకుడు, సంఖ్యకు మ్రొక్కకుడు, దానిని ప్రశ్నింపుడు.

అభ్యాసము

1. ఒక సంఖ్య యొక్క స్వభావ గుణమునకును, లెక్క వ్రాయు పద్ధతి వలన కలిగిన గుణమునకును భేదమేమి? 25 నుండి ఒక్కొక్క యుదాహరణ మిమ్ము.

2. 1957 నాటి పట్టిక ప్రకారము, అణా చొప్పున ఎనిమిది పోగులను విడివిడిగా ఎనమండుగురకు అమ్మినచో ఎన్ని పైసలు వచ్చును? ఒక్కనికే అర్ధరూపాయికి అమ్మినచో ఎన్ని వచ్చును?

3. 90 యొక్క విడి భాజకములను వ్రాసి, 90 ని మినహాయించి తక్కినవానిని కూడుము. ఏమి గమనించితివి?

4. 95 నుండి బయలుదేరి భాజకముల మొత్తముల మార్గమున పొమ్ము. అది యెచ్చట చేరును?

5. 'దొరకలేదనుట వేరు, లేదనుట వేరు' అను వాక్యమును నీ మాటలలో వివరింపుము.